షెవెల్ కారునకు ఏ ఇంజను?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1960ల ఉత్తరార్ధమున నిర్మింపబడి, నేటికిని ఇండ్ల గ్యారేజీలలోను, పల్లెటూళ్ల కొట్టములలోను దుమ్ము కప్పుకొని నిలిచియున్న రెండు తలుపుల కార్లను ముచ్చటపడి కొనువారు పలువురు కలరు. అట్లు కొన్నవారిలో అనేకులకు బండి ఇంటికి చేరిన మరునాడే ఒక సమస్య ఎదురగును: ఇందలి ఇంజను అరిగిపోయినది, లేక ముక్కుచు మూల్గుచు నడచుచున్నది, లేక అసలు లేనే లేదు, దాని స్థానమున దేనిని తెచ్చి పెట్టవలెను? ఈ ప్రశ్న అడిగినచో అంగడివాడు అశ్వశక్తి అంకె ఒకటి చెప్పును. స్నేహితుడు తన కారులోనున్న ఇంజను పేరు చెప్పును. పాతకార్ల పత్రిక నేదైనను తిరుగవేసినచో అందు మెరయుచున్న క్రోమియము మూతలు వేరొక సమాధానము చెప్పును. ఆ అశ్వశక్తి అంకెను కట్టకడపట చూడవలెననియు, అంతకుముందు చూడవలసినవి బానెట్టు వెలుపలనే హెచ్చుగా నున్నవనియు నా మతము.

మజిల్ కారని పేరుపడిన ఈ జాతి పుట్టుకయే ఒక చిన్న ఆజ్ఞోల్లంఘనముతో ప్రారంభమైనది. జనరల్ మోటార్స్ సంస్థ తన మధ్యశ్రేణి కార్లలో 330 ఘనాంగుళములకు మించిన ఇంజను నుంచరాదని నియమము పెట్టుకొనియుండగా, ఆ సంస్థలోని పాంటియాక్ విభాగమున ప్రధాన ఇంజనీరుగా నుండిన జాన్ డెలోరియన్ తన సహచరులతో గూడి, పెద్దకార్లకై ఉద్దేశింపబడిన 389 ఘనాంగుళముల వి-8 ఇంజనును 1964 నమూనా టెంపెస్ట్ కారులో నమర్చి, దానిని ప్రత్యేకమైన కారుగా గాక, కోరినవారికి అదనపు సొమ్ముపై ఇచ్చు సరంజామాగా చూపి నియమమును తప్పించుకొనెను. జి.టి.ఓ. అను పేరుతో వెలసిన ఆ బండి అశ్వశక్తి 325. ఘనాంగుళములు 389 అనగా 6.4 లీటర్లు, మన అంబాసడరులో చిరకాలము నడచిన ఇంజను 1489 సి.సి.ది మాత్రమే కావున, అట్టివి నాలుగింటిని ఒక్కచోట పోతపోసినట్లు ఊహించుకొనవచ్చును. ఆ మీద కంపెనీల నడుమ పందెము ముదిరి, 1966లో క్రైస్లర్ వారు 426 హెమి ఇంజనును సామాన్యులు కొను కార్లలో పెట్టుటయు, 1970లో షెవ్రొలే వారు షెవెల్ కారులో 454 ఘనాంగుళములతో 450 అశ్వశక్తిని ప్రకటించుటయు జరిగెను. అంతలోనే బీమా కంపెనీలు ఇట్టి కార్లపై రుసుములు పెంచినవి. 1970 నాటి వాయు కాలుష్య నివారణ చట్టము పొగపై అదుపు పెట్టినది. 1973లో అరబ్బు దేశములు చమురు ఆపివేయగా పెట్రోలు బంకుల ముందు బారులు తీరినవి. ఒక దశాబ్దమైనను నిండకుండ ఆ వేడుక ముగిసినది.

అయితే నేడు చేతులు మారుచున్న పాతకార్లలో అధికసంఖ్యాకములు ఆ మహారథములు కావు. అదే దేహము, అదే రూపరేఖ, లోపల మాత్రము సామాన్యపు ఇంజను గల గృహస్థుల కార్లే హెచ్చు. ఉదాహరణమునకు 1969 నాటి షెవెల్ మాలిబు నొకదానిని తీసికొందము. అందు 307 ఘనాంగుళముల వి-8, రెండు గొట్టముల కార్బ్యురేటరు, 200 అశ్వశక్తి, పవర్‌గ్లైడ్ అను రెండు గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సు, నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులు, వెనుక సన్నపాటి ఇరుసు ఉండుట సర్వసాధారణము. దీని యజమాని ఏ ఇంజనును ఎన్నుకొనవలెను?

అంకెల విషయమున మొదట ఒక భ్రాంతి తొలగవలెను. ఆ కాలపు కంపెనీలు ప్రకటించిన అశ్వశక్తి, ఇంజనును పరీక్షాగృహమున పీఠముపై నిలిపి, గాలి వడపోత, ఆల్టర్నేటరు, సైలెన్సరు మొదలైన భారములను తొలగించి కొలిచినది. 1972 నుండి అమెరికా పరిశ్రమ ఈ పద్ధతిని విడిచి, కారులో నుండెడి పరికరములన్నిటితోడను కొలుచుట ప్రారంభించెను. ఈ రెండు పద్ధతులకు గల వ్యత్యాసమును షెవ్రొలే వారే 1971లో రెండంకెలను ప్రక్కప్రక్కనే ప్రకటించి వెల్లడి చేసిరి: ఆ యేటి కార్వెట్ కారులోని ఎల్.టి.-1 ఇంజనునకు పాత కొలతలో 330 అశ్వశక్తి, కొత్త కొలతలో 275. ఇంజను ఒకటే, సంవత్సరము ఒకటే, ఒక్క బోల్టయినను మారలేదు. 55 అశ్వములు కాగితముపైననే అంతర్ధానమైనవి. కావున పాత 307 ఇచ్చిన 200 అశ్వశక్తి నేటి లెక్కలో అంతకు చాల తక్కువయే యని గ్రహించినచో, నేటి కొలతలో 300 గల సామాన్యపు ఇంజను సైతము ఆ కారునకు గొప్ప మార్పే యగునని తెలియును. 400, 500 అని పెదవులు తడుపుకొనువారు ఈ లెక్కను ఒకమారు కాగితముపై వేసి చూచుకొనుట మంచిది.

షెవ్రొలే యజమానికి అదృష్టవశమున ఒక వంశవృక్షము తోడుగా నున్నది. ఎడ్ కోల్ నాయకత్వమున 1955లో వెలువడిన 265 ఘనాంగుళముల వి-8, రెండేండ్లలో 283 అయి, 1962లో 327 అయి, 1967లో మొదటిసారిగా కమారో కారులో 350 అయి, దశాబ్దములపాటు లక్షోపలక్షలుగా తయారయ్యెను. స్మాల్ బ్లాక్ అని లోకము పిలుచు ఈ కుటుంబమున విశేషమేమనగా, లోపలి సిలిండర్ల వ్యాసము, పిస్టన్ల నడక ఎంత మారినను, వెలుపలి ఆకృతియు, ఇంజనును చాసిసునకు బిగించు స్థానములును, గేరుబాక్సు తగులు ముఖమును దాదాపు మారలేదు. అందుచేత మన మాలిబునుండి 307ను తీసి 350ని దించినచో, పాత మౌంట్లకే అది కూర్చుండును. పాత గేరుబాక్సునకే బిగియును. పాత రేడియేటరు గొట్టములే సరిపోవును. సరియైన పనిముట్లున్న ఇద్దరు మనుష్యులు శని, ఆదివారములలో ముగింపగల పని ఇది. ఇంతటి సౌలభ్యమును వదలుకొనుటకు బలమైన కారణముండవలెనని నేననుకొందును.

ఐనను 350లన్నియు ఒకటే కావు. పాతసామాను దుకాణమున దొరకిన బ్లాకు వెనుకభాగమున, గేరుబాక్సు తగులు అంచునకు సమీపమున పోతలోనే ఉబికి కనబడు సంఖ్యను చదువుట నేర్వవలెను. 3970010 అను సంఖ్య 1969 నుండి దాదాపు పదేండ్లపాటు వచ్చిన బ్లాకులపై నుండును, మెకానిక్కులు చివరి మూడంకెలతోనే దానిని పిలుతురు. 1986 నుండి క్రాంకుషాఫ్టు వెనుకనుండు ఆయిలు సీలు రెండు ముక్కలకు బదులు ఒకే వలయముగా మారుటచే, అంతకు పూర్వపు ఫ్లైవీలు దానికి పట్టదు. ఆ మరుసటి యేటినుండి కార్ల ఇంజన్లలో కామ్‌షాఫ్ట్‌పై రోలరు లిఫ్టర్లు వచ్చినవి. ఈ రోలర్లు కేవలము ఆడంబరము కావు. పాతకాలపు చదునైన లిఫ్టరు కామ్‌పై రాచుకొనుచు నడచును. ఆ రాపిడిని కాచునది ఆయిలులోని జింకు, భాస్వరముల సమ్మేళనము. అది పొగను శుద్ధిచేయు కన్వర్టరును పాడుచేయుచున్నదని నేటి ఆయిళ్లలో దాని పాలు తగ్గించివేసిరి. కొత్తగా కట్టించిన ఇంజనులో చదునైన లిఫ్టర్లు పెట్టి, ఏ ఆయిలు పడితే ఆ ఆయిలు పోసి, మొదటి అరగంటలోననే కామ్‌ను అరగదీసికొన్న యజమానుల కథలు అమెరికాలో కొల్లలు. కావున కొంచెము సొమ్ము హెచ్చయినను రోలరు కామ్‌నే ఎన్నుకొనుట వివేకము.

పెట్రోలు సంగతియు ఇట్టిదే. 1969 నాటి 300 అశ్వశక్తి 350 ఇంజనులో పిస్టను గాలిని పదింతలకు పైగా కుదించెడిది. నాటి పెట్రోలులో సీసముండుటచే అది చెల్లినది. నేటి అమెరికా బంకులలో దొరకు శ్రేష్ఠమైన పెట్రోలు 91 గాని 93 గాని ఆక్టేను గలది; ఇనుప హెడ్లతో అంతటి కుదింపు పెట్టినచో, ఎండలో మెట్ట ఎక్కునపుడు లోపల సుత్తితో కొట్టినట్లు చప్పుడు వినవచ్చును. తొమ్మిది, తొమ్మిదిన్నర యొద్ద ఆగుట మేలు; అల్యూమినియము హెడ్లు వేడిని త్వరగా లాగివేయును గనుక వాటితో మరికొంత సాహసింపవచ్చును. సీసము లేని పెట్రోలునకు పాత హెడ్లలోని వాల్వు సీట్లు మెల్లగా లోనికి కుంగును. కొత్త హెడ్లలో గట్టి సీట్లుండును.

ఇదే కుటుంబమున 383 అను మరొక ఇంజను కలదు. దీనిని షెవ్రొలే కర్మాగారము ఆ పాతకార్లలో ఎన్నడును పెట్టలేదు, మెషీను షాపుల చాతుర్యమే దీనిని కన్నది. 350 బ్లాకు సిలిండర్లను అంగుళమున వెయ్యింట 30 వంతులు తరిగి వెడల్పుచేసి, అన్నగారైన 400 ఇంజను క్రాంకును సన్నగా తిప్పించి అందు పెట్టినచో, పిస్టను నడక 3.48 అంగుళములనుండి 3.75కు పెరుగును. బయటికి 350, లోపల 383. దీని ఘనత పైవేగములలోని అశ్వశక్తియందు గాక, తక్కువ వేగమున చక్రములను తిప్పు బలమునందు కలదు. బరువైన కారునకు, ఆటోమేటిక్ గేరుబాక్సునకు కావలసినది ఆ బలమే. నా సలహా అడిగిన మాలిబు యజమానికి నేను మొదట సూచించునది శాంతమైన రోలరు కామ్ గల 350 గాని, కొంచెము ఉత్సాహముండినచో 383 గాని.

శాంతమైన కామ్ అని నొక్కి చెప్పుటకు కారణము కలదు. వాల్వులను చిరకాలము తెరచియుంచు తీవ్రమైన కామ్, కారు నిలిచియున్నపుడు ఎగిరెగిరి పడు ధ్వనినిచ్చును. వీధిలోని కుర్రవాండ్రకు ఆ ధ్వని యన్న ప్రాణము. కాని అట్టి కామ్ ఇంజనులోని వాక్యూమును హరించును. బ్రేకు బూస్టరు ఆ వాక్యూముతోనే పనిచేయును. ఫలితముగా సిగ్నలు దీపము వద్ద కారు గర్జించునేగాని ఆగుటకు కాలి బలమంతయు కావలెను. ఆటోమేటిక్ గేరుబాక్సు గలవారు టార్కు కన్వర్టరును సైతము మార్చుకొనవలసి వచ్చును. ధ్వని కొరకు బ్రేకును బలిపెట్టినవారిని నేను రసికులని యనజాలను.

బిగ్ బ్లాక్ అను పెద్ద కుటుంబము, అనగా 396, 427, 454, షెవెల్‌కు పరాయిది కాదు, ఎస్.ఎస్. 396 అను పేరే దాని కీర్తి. కాని స్మాల్ బ్లాక్ బరువు సుమారు 260 కిలోలైనచో, దీని బరువు 310 కిలోల ప్రాంతమున నుండును. ఆ ఏబది కిలోలు ముందుచక్రముల మీదనే పడును. ముందు స్ప్రింగులు మారవలెను, రేడియేటరు పెరుగవలెను, మలుపులలో కారు తిన్నగా పోవుటకే మొగ్గుచూపును. బానెట్టు తెరచినపుడు కన్నులు నిండుటకు, సరళరేఖలో పావుమైలు పరుగునకు ఇది తగును. తక్కిన పనులకు 383 చాలునని అనుభవజ్ఞులు చెప్పుదురు. వారి మాట నాకును సమ్మతమే.

ఇక నేటి తరము చెవిలో మారుమ్రోగు నామము ఎల్.ఎస్. 1997 కార్వెట్ కారులో 5.7 లీటర్ల అల్యూమినియము ఇంజనుగా, 345 అశ్వశక్తితో ఇది అవతరించెను. 2008 నాటికి 6.2 లీటర్లై 430కి చేరెను. ఈ అంకెలు కొత్త కొలతలోనివి. పాత స్మాల్ బ్లాక్ కంటె ఇది దాదాపు ఏబది కిలోలు తేలిక. పిస్టన్ల నడుమ దూరము నాటి 4.4 అంగుళములే, అన్నిటికంటె ముఖ్యముగా, కామ్‌షాఫ్ట్ హెడ్లపైకి ఎక్కక బ్లాకు నడుమనే యున్నది గనుక ఇంజను ఇరుకుగా, పొట్టిగా నుండి పాత కారు బానెట్టు క్రింద సులభముగా ఇముడును. 1999 నుండి లక్షల పికప్ ట్రక్కులలో ఇదే వంశపు 5.3 లీటర్ల ఇనుప బ్లాకు వచ్చుటచే, పాతసామాను దుకాణములలో కారుచౌకగా దొరకును. చలికాలపు ఉదయమున ఒక్క తాళపుచెవి త్రిప్పుతో మేల్కొనును. కొండల మీద గాలి పలుచనైనను తన పాళ్లు తానే సరిచేసికొనును. పెట్రోలు తక్కువ త్రాగును.

ఇన్ని సుగుణములు గల అల్లుని వెంట వచ్చు పరివారమును చూడక పిల్లనిచ్చువారు పలువురు. ఇంజను చవుక, దానిని పాత కారునకు అలవాటుచేయుటకు అగు వ్యయము చవుక కాదు. మౌంట్లు కలియవు, నడుమ పలకలు పెట్టవలెను. ఆయిలు పాను చాసిసు అడ్డదూలమునకు తగులును, వేరే ఆకృతి గల పాను కావలెను. గేరుబాక్సు బిగించు ఆరు బోల్టులలో అయిదు కలియును గాని, క్రాంకు అంచు పాతదానికంటె అంగుళమున పదింట నాలుగు వంతులు ముందుకు, ఇంజను వైపునకు, నుండును గనుక నడుమ ఒక బిళ్ల వేయవలెను. పాత కార్బ్యురేటరునకు చదరపు అంగుళమునకు ఆరు పౌన్ల ఒత్తిడితో పెట్రోలు చాలెడిది. దీనికి 58 పౌన్లు కావలెను. అందుచేత టాంకులో విద్యుత్ పంపు, ఆ ఒత్తిడికి తట్టుకొను గొట్టములు, వాటి తీగలు. వీటన్నిటికి పైన కంప్యూటరును, దాని తీగెలజాలమును. ఇది చదివి భయపడవలసిన పని లేదు; ఈ వస్తువులన్నియు తయారుచేసి అమ్ము కంపెనీలు అమెరికాలో అనేకము కలవు. కాని ఇంజను వెలకు రెండింతలు దాని చుట్టుపట్ల వస్తువులకు వ్యయమగునని ముందుగనే లెక్కవేసికొనినవాని బండి రోడ్డెక్కును. లెక్కవేసికొననివాని బండి సగము విప్పిన స్థితిలో ప్రకటనల పుటలకెక్కును. కారును నిత్యము నడపుచు, వేలమైళ్లు పోవలెనని సంకల్పించినవానికి మాత్రము ఈ వ్యయము సార్థకమే. ఏడాదికి నాలుగు ఆదివారములు తీయువానికి కార్బ్యురేటరుతోడి 350 చాలును. చెడినను స్క్రూడ్రైవరుతో బాగుపడును.

ఇంజను ఏదైనను, దానిచే ఉత్పన్నమైన బలము పోవలసిన మార్గమును చూడక తప్పదు. మన మాలిబులోని రెండు గేర్ల పెట్టె, సన్నని ఇరుసు 200 అశ్వశక్తికై నిర్ణయింపబడినవి. అంతకు రెట్టింపు బలము తగిలినచో మొదట విరుగునది అవియే. డ్రమ్ము బ్రేకులు ఒకమారు బాగుగ ఆపును, వేడెక్కిన పిదప రెండవమారు ఆపుటకు సంశయించును. కర్మాగారమువారే ఆ యేటి ఎస్.ఎస్. 396కు ముందు డిస్కు బ్రేకులిచ్చిరన్నచో అందలి సంకేతము స్పష్టమే. ఇరుసు నిష్పత్తి 4.10 ఉన్న కారు గంటకు 60 మైళ్ల వేగమున ఇంజనును నిమిషమునకు సుమారు 3,200 చుట్లు తిప్పును. హైవే మీద రెండుగంటల ప్రయాణము చెవులకు శిక్షయగును. నాలుగవ గేరులో ఓవర్‌డ్రైవు గల గేరుబాక్సు పెట్టినచో ఆ చుట్లు 2,200కు దిగును. నాకు తోచినంతవరకు, సొమ్ము పరిమితముగా నున్నవాడు మొదట బ్రేకులు, తరువాత గేరుబాక్సు, ఆ పిమ్మట ఇంజను అను క్రమమున వ్యయపరచుట శ్రేయస్కరము. ఈ క్రమమును పాటించువారు అరుదు.

వంశాభిమానమును చిన్నచూపు చూడరాదు. జనరల్ మోటార్స్ వారి పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూయిక్ విభాగములు ఒకనాడు తమ ఇంజన్లను తామే వేర్వేరుగా రూపొందించుకొనుచుండెడివి. 1977లో ఓల్డ్స్‌మొబైల్ డెల్టా 88 కొన్నవారు కొందరు తమ కారులో షెవ్రొలే ఇంజను ఉన్నదని కనుగొని, మేము ఓల్డ్స్‌మొబైల్ వారి రాకెట్ ఇంజనునకు సొమ్మిచ్చితిమిగాని దీనికి కాదని అల్లరిచేయగా, ఇల్లినాయ్ రాష్ట్రపు అటార్నీ జనరల్ న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను; తుదకు కంపెనీ పరిహారమిచ్చుటకు ఒడబడి, నాటినుండి ప్రకటనలలో ఇంజను ఏ విభాగముదైనను కావచ్చునని చిన్న అక్షరములలో వ్రాయసాగెను. కావున జి.టి.ఓ. యజమాని చవుకయని షెవ్రొలే 350 తెచ్చి పెట్టినచో కారు నడచును గాని, చూచినవారు పెదవి విరుతురు, అమ్మునపుడు ధర విరుగును. అట్టి అవసరమును లేదు: పాంటియాక్ వారి 326 నుండి 455 వరకు గల ఇంజన్ల వెలుపలి కొలతలు ఒక్కటే, చిన్నదానిని తీసి పెద్దదానిని పెట్టినను బానెట్టు తెరచినవానికి తేడా తెలియదు.

ఫోర్డ్ మస్టాంగ్ యజమానికి చిక్కు వేరు. 1964-70 నడుమ వచ్చిన ఆ కారులో ముందు స్ప్రింగుల గోపురములు ఇంజనునకు ఇరువైపుల లోనికి చొచ్చుకొనివచ్చును. 289 తీసి 302 పెట్టుట సులభము. 351 విండ్సర్ ఎత్తు, వెడల్పు హెచ్చుటచే కొంత ఇరుకు. 2011 నుండి వచ్చిన 5.0 లీటర్ల కొయోట్ ఇంజను నాలుగు కామ్‌లను హెడ్లపై మోయుచు ఎంత వెడల్పు గలదనగా, ఆ గోపురములను కోసివేసి ముందు సస్పెన్షను మొత్తము మార్చినగాని దిగదు. డాడ్జి, ప్లిమత్ కార్లకు 318, 340, 360 ఒక కుటుంబము, 383, 440 వేరొక కుటుంబము. ఇంటిలోనే మార్చుకొనుట ఉత్తమము. షెవ్రొలే 383కు, క్రైస్లర్ 383కు అంకె తప్ప మరి ఏ చుట్టరికమును లేదు.

చట్టము సంగతి రాష్ట్రమునకొక విధము. కాలిఫోర్నియాలో 1975 నాటి నమూనాలకును, అంతకు పూర్వపు వాటికిని పొగ తనిఖీ లేదు; 1976 నుండి వచ్చిన కార్లకు మాత్రము, పెట్టిన ఇంజను కారు యేటిది గాని, అంతకు తరువాతిది గాని అయియుండి, తనతో వచ్చిన పొగ నివారణ సాధనములన్నిటిని వెంట తెచ్చుకొనవలెను. మన 1969 మాలిబునకు ఆ బాధ లేదు.

చివరకు, తీసివేసిన ఇంజను మాట. 1968 నుండి కర్మాగారమువారు కారు క్రమసంఖ్యలోని కొంత భాగమును ఇంజను బ్లాకుపై ముద్రించుచువచ్చిరి. స్మాల్ బ్లాక్‌లో కుడివైపు హెడ్డునకు ముందున్న చదునైన చోట సాధారణముగా అది కనబడును. ఆ సంఖ్య అద్దము వెనుక పలకపైనున్న సంఖ్యతో కలిసినచో అది ఆ కారునకు పుట్టుకతో వచ్చిన ఇంజను. 1969లో ఎస్.ఎస్. అనునది ప్రత్యేక నమూనా గాక కోరి తీసికొను సరంజామా యగుటచే, క్రమసంఖ్య చూచి కారు నిజమైన ఎస్.ఎస్. అవునో కాదో చెప్పజాలము. ఇంజనుపైని ముద్రలును, పాత కాగితములును సాక్ష్యము పలుకవలెను. మాలిబునకు చిహ్నములు అతికించి ఎస్.ఎస్. అని అమ్మువారు లేకపోలేదు. కావున 307 వంటి సామాన్యపు ఇంజనైనను తుక్కునకు వేయక, సిలిండర్లలో ఆయిలు పోసి, రంధ్రములు మూసి, స్టాండుపై నిలిపి ఒక మూల నుంచవలెను. ఎపుడైన దానిని బాగుచేయించుటకు మెషీను షాపునకు పంపినచో, బ్లాకు పైముఖమును నునుపుచేయు యంత్రము ఆ ముద్రను గూడ గీకివేయును. సంఖ్య నంటవద్దని పని మొదలు కాకమునుపే షాపువానికి కాగితముపై వ్రాసి యిచ్చి, ఫోటో తీసి యుంచుకొనవలెను.